కొత్త బ్యాచ్ చేరే ముందు: అకౌంట్లు, గ్రూపుల విషయంలో జాగ్రత్తలు

జులై వస్తోందంటే మారతహళ్లి పీజీల్లో మంచం దొరకదు. మన కాలేజీల్లో పాసైన పిల్లలంతా ఒక్కసారే బెంగళూరులో దిగుతారు. చిన్న ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసుకునే మనకు టెన్షన్ మొదలయ్యేదీ అప్పుడే. సోమవారం పొద్దున్నే హెచ్‌ఆర్ నుంచి 30 పేర్ల ఎక్సెల్ షీట్ వస్తుంది, పదింటికల్లా అందరికీ లాగిన్లు కావాలంటారు. ఆ హడావుడిలో చేసిన తప్పులు దిద్దుకోవడానికి ఏడాది పడుతుంది. అందుకే వారం ముందే కూర్చోండి. విండోస్ సర్వర్, యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులోని అకౌంట్లు, గ్రూపులన్నీ ఒకేచోట ఉంచి చూసుకునే ఏర్పాటు) ఉన్న ఆఫీసు కోసం ఇది రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి తేల్చండి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, తమిళులు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటారు, కన్నడిగుల్లో చాలామందికి పొడి అక్షరాలే ఉంటాయి. పైగా పాత పద్ధతి లాగిన్ పేరు 20 అక్షరాలు దాటకూడదు. వెంకట సత్యనారాయణ అని ఇంగ్లీషులో రాస్తేనే ఆ 20 నిండిపోతాయి, ఇక ఇంటిపేరుకు చోటెక్కడిది? ఎంప్లాయీ నంబర్‌నే లాగిన్ పేరుగా పెట్టి, పూర్తి పేరు డిస్‌ప్లే నేమ్‌లో రాయడం మంచిది.

అసలు విషయం గ్రూపులు. ఫోల్డర్ మీద హక్కు ఎప్పుడూ మనిషి పేరు మీద ఇవ్వకండి. "అకౌంట్స్ సిబ్బంది" అని ఒక గ్రూపు, "పేరోల్ మార్చగలిగేవాళ్లు" అని ఇంకొకటి చేయండి. మొదటి దాన్ని రెండో దానిలో చేర్చి, ఫోల్డర్ మీద రెండో దానికే హక్కు ఇవ్వండి. రేపు ఒకమ్మాయి అకౌంట్స్ నుంచి సేల్స్‌కు మారితే ఒక్క గ్రూపులోంచి తీసి ఇంకో గ్రూపులో వేస్తే సరిపోతుంది. మారిన గ్రూపు పనిచేయాలంటే ఆమె ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ మాట ముందే చెప్పకపోతే పది ఫోన్లొస్తాయి.

"పాతవాళ్లకు ఉన్నట్టే ఇచ్చేయండి" అని మేనేజర్ అంటే ఒప్పుకోకండి. అకౌంట్ కాపీ చేస్తే ఆ మనిషికి ఇన్నేళ్లలో చేరిన గ్రూపులన్నీ కొత్త పిల్లాడికీ వచ్చేస్తాయి. డినై (హక్కు లేదని అడ్డుకునే టిక్) కూడా వీలైనంత వాడొద్దు. ఒకే ఫోల్డర్ మీద నేరుగా అలో (హక్కు ఇచ్చే టిక్), డినై రెండూ పడితే డినైదే పైచేయి. తర్వాత కారణం వెతకడం నరకం.

వెళ్లిపోయినవాళ్ల అకౌంట్ వెంటనే డిలీట్ చేయొద్దు, డిసేబుల్ చేయండి. ఇది నాకు అనుభవం. ఒక గుంటూరు అబ్బాయి శుక్రవారం రాజీనామా చేస్తే ఆ సాయంత్రమే అకౌంట్ తీసేశాను. మనసు మార్చుకుని సోమవారం తిరిగొచ్చాడు. అదే పేరుతో మళ్లీ అకౌంట్ చేసిచ్చాను. పావుగంటలో "అన్నా, ఒక్క ఫోల్డరూ తెరుచుకోవట్లేదు" అన్నాడు. ఫోల్డర్ హక్కులు కనిపించే సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే అతని పేరుండాల్సిన చోట ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి అంకె కనిపించింది. సర్వర్ గుర్తుపెట్టుకునేది పేరును కాదు, ఆ అంకెను. కొత్త అకౌంట్‌కు కొత్త అంకె వస్తుంది. అన్ని హక్కులూ మళ్లీ ఇచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. సర్వర్ 2008 ఆర్2 నుంచి యాక్టివ్ డైరెక్టరీలో డిలీట్ చేసిన అకౌంట్‌ను వెనక్కి తెచ్చే రీసైకిల్ బిన్ ఉంది, కానీ దాన్ని మనమే ఆన్ చేయాలి. ఈ వారమే చూసుకోండి.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వాట్సాప్ గ్రూపులో వేయకండి. ఎవరిది వాళ్లకు విడిగా ఇచ్చి, మొదటి లాగిన్‌లోనే మార్చుకునేలా టిక్ పెట్టండి. నలుగురికి కలిపి ఒక లాగిన్ అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరెప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. నలుగురూ ఒకే పేరుతో తిరిగితే ఆ లాగ్‌లో ఎవరేం చేశారో ఎలా తెలుస్తుంది? మీ రోజువారీ అకౌంట్ కూడా డొమైన్ అడ్మిన్స్‌లో (అన్ని సిస్టమ్‌ల మీదా పూర్తి అధికారం ఉండే గ్రూపు) ఉండకూడదు, అడ్మిన్ పనులకు వేరే అకౌంట్ పెట్టుకోండి.

శనివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఒక ట్రయల్ అకౌంట్‌తో ఫ్రెషర్లు కూర్చునే మెషీన్‌లో లాగిన్ అవ్వండి. ట్రైనింగ్ ఫోల్డర్ తెరుచుకోవాలి, పేరోల్ ఫోల్డర్ తెరుచుకోకూడదు. రెండూ చూశాక ఆ అకౌంట్‌ను డిసేబుల్ చేసి ఇంటికెళ్లండి.