యుద్ధంలో బడి తప్పిన పెద్దవాళ్లకి అక్షరాలు: మొదటి వారం

శ్రీలంకలో 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధం ఎంతోమందికి చదువు లేకుండా చేసింది. అక్కడినుంచి వచ్చిన తమిళుల పునరావాస శిబిరం ఒకటి గుమ్మిడిపూండిలో ఉంది, చెన్నై నుంచి లోకల్ రైల్లో వెళ్లొచ్చు. తమిళం బాగా వచ్చిన మన తెలుగువాళ్లు అక్కడ చదువు చెప్పాలనుకుంటే ముందు అధికారుల అనుమతి తీసుకోండి.

పలక ఇచ్చేముందు కళ్లు చూడండి. తమిళ పేపరు మూరెడు దూరంలో పట్టుకోమనండి. 40 దాటినవాళ్లు చాలామంది దాన్ని ఇంకా దూరం జరుపుతారు. దగ్గరి చూపు ఆనక, "నా బుర్రకి ఎక్కట్లేదు" అనుకుని మానేసేది వీళ్లే. అద్దాలు ఇప్పించాకే పాఠం. తలుపు తెరిచే ఉంచండి, ఎవరినీ తలుపుకి వీపు పెట్టి కూర్చోబెట్టొద్దు. అక్కా, అయ్యా అనే పిలవండి. అక్కడేం జరిగిందని మాత్రం అడగొద్దు.

ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి, నల్ల మార్కర్‌తో తమిళ లిపిలో ప, ట, ట్, మ్ పెద్దగా రాయండి. ట అంటే ఒక నిలువు గీత, ఒక అడ్డగీత. ప అంటే మూడు గీతలు. కొత్త చేతికి ఇవి తేలిక. ప, ట, మ్ పక్కపక్కన పెడితే "పడం", అంటే బొమ్మ. మధ్యలో ట్ ముక్క ఇరికిస్తే "పట్టం", గాలిపటం. మనవాళ్లు తడబడేది ఇక్కడే: తమిళంలో డకి వేరే అక్షరం లేదు. అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్న టని డ అంటారు, జంటగా ఉంటే ట అంటారు. ఈ సూత్రం చెప్పకండి. ముక్క వాళ్ల చేతే పెట్టించండి, తీయించండి, నోటికి అదే పట్టుబడుతుంది. పకి దీర్ఘం తగిలిస్తే "పాడం", పాఠం. వారానికి ఈ మూడు మాటలు చాలు.

ప, ట వచ్చేశాయి కదా అని "పడగు" ఎత్తుకోవద్దు. పడగు అంటే పడవ. చాలామంది సముద్రం దాటింది దాని మీదే. వాళ్లంతట వాళ్లు ఆ మాట అన్న రోజున రాయించండి. మాట్లాడటాన్ని చెన్నైలో "పేసు" అంటే వాళ్లు "కదై" అంటారు. దిద్దకండి, వాళ్ల మాటే రాయించండి.

సంతకం నేర్పేటప్పుడు గుర్తింపు కార్డు ఎదురుగా పెట్టుకుని, అందులో పేరు ఎలా ఉంటే అలాగే దిద్దించండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత కాగితాల దగ్గర తిప్పలు పడేది వాళ్లే.

కూలి పనికెళ్లి రెండు వారాలు రానివాళ్లు తిరిగొస్తే "ఎందుకు రాలేదు" అనకండి. పడం ముక్కలు ముందు పెట్టండి. అది చదివితే, ట్ ముక్క చేతికివ్వండి.