ఆవు రక్తంలో పాపిలోమా వైరస్ - 3వ పాఠం: మధ్యనున్న తెల్ల పొర

ఆవులకు పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్ ఆనవాళ్లను రక్తంలో వెతకడం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో మెడ సిర నుంచి రక్తం తీసి, ఊదారంగు మూత ట్యూబులో నింపి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేశాం. ఆకుపచ్చ మూత ట్యూబు వద్దన్నది గుర్తుంది కదా? అందులోని హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు), డీఎన్ఏను పదేపదే నకలు చేసి గుర్తుపట్టే పరీక్ష అయిన పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ప్రతి ఆవుకీ కొత్త సూది వాడమన్నది కూడా మరవకండి.

గుంటూరు పక్కన లాం వైపు ఒక రైతు అడిగాడు: "మా ఆవుకి ఒక్క పులిపిరి కూడా లేదు కదండీ, రక్తం దేనికి?" అడగాల్సిన ప్రశ్నే. పులిపిరి ఉంటే ఆ ముక్కే చాలు, వైరస్ అక్కడే దండిగా దొరుకుతుంది. కానీ పైకి ఏమీ కనిపించని ఆవుల రక్తంలోనూ దీని డీఎన్ఏ ఉంటుందని ఇటలీ, బ్రెజిల్ పరిశోధకులు చూపించారు. ఉండేది బహు కొంచెం. అదీ తెల్లకణాల్లో వెతకాలి. రక్తంలో ఎక్కువ భాగం ఎర్రకణాలే, వాటిలో కేంద్రకం ఉండదు, కాబట్టి మనకు పనికొచ్చే డీఎన్ఏ ఉండదు. అందుకే మొత్తం రక్తంతో కాకుండా తెల్లకణాలను వేరుచేసి పని మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ట్యూబుల్ని 1500 జీ (భూమి ఆకర్షణకు 1500 రెట్ల బలం) దగ్గర 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. బ్రేక్ వేయకండి, దానంతట అదే ఆగాలి. పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా, కింద ఎరుపు, రెంటి మధ్య పలచటి మీగడ లాంటి తెల్ల పొర. మనకు కావలసింది అదే. ముందు ప్లాస్మాను చాలావరకు తీసేసి, పిపెట్ మొనను పొర మీద గుండ్రంగా తిప్పుతూ నెమ్మదిగా పీల్చండి. కాస్త ఎరుపు కూడా వస్తుంది, టెన్షన్ పడకండి. ఎర్రకణాలను కరిగించే ద్రావణంతో అది పోతుంది.

ఒక మే నెలలో ఎండకు భయపడి, ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకుల్ని నేరుగా ట్యూబులకు ఆనించి పెట్టాను. రక్తం ఐసులా గట్టిపడి, కరిగాక ఎర్రకణాలు పగిలిపోయాయి. పొరలే ఏర్పడలేదు. అన్ని ఆవుల దగ్గరా మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పట్నుంచి మధ్యలో మందపాటి గుడ్డ వేస్తున్నాను.

డీఎన్ఏ తీశాక వెంటనే వైరస్ కోసం వెతకొద్దు. ముందు ఆవు సొంత జన్యువును, బీటా గ్లోబిన్‌ను, పీసీఆర్‌లో చూడండి. పీసీఆర్ ఫలితాన్ని చూపే జెల్ మీద దాని గీతే రాకపోతే డీఎన్ఏ పాడైనట్టో, పీసీఆర్‌ను ఏదో అడ్డుకుంటున్నట్టో లెక్క. అలాంటి నమూనాకు 'వైరస్ లేదు' అని రాసే హక్కు మనకు లేదు.

ఈ వారం అభ్యాసం: మూడు ట్యూబుల్లో పొర తీసి, బీటా గ్లోబిన్ గీత మూడింటికీ వచ్చేదాకా చేయండి. 4వ పాఠంలో వైరస్ ప్రైమర్లు, అంటే పీసీఆర్ ఏ డీఎన్ఏను నకలు చేయాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు.