మోటర్‌హోమా, క్యారవానా? విహారయాత్రల బండిని ఎంచుకునే పద్ధతి

చక్రాల మీద నడిచే ఇంట్లో సెలవులు గడపాలనుకునే వారి ముందు రెండు దారులు ఉంటాయి. ఇంజిను, డ్రైవరు సీటు, పడకలు, వంటగట్టు అన్నీ ఒకే బండిలో ఇమిడి ఉండే మోటర్‌హోమ్ ఒకటి. సొంత ఇంజిను లేకుండా కారు వెనుక తగిలించి లాక్కుపోయే క్యారవాన్ మరొకటి. లోపలికి వెళ్లి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. అదే గ్యాస్ పొయ్యి, అదే ఫ్రిజ్, మురుగు డబ్బాను బయటికి తీసి ఖాళీ చేసుకునే అదే క్యాసెట్ టాయిలెట్, కిటికీ వెంబడి అవే సోఫాలు. అందువల్ల షోరూములో లోపలి అమరిక చూసి ముచ్చటపడి నిర్ణయం తీసుకోవడం మంచిది కాదు. అసలు తేడా రోడ్డు మీద, మజిలీ దగ్గర, ఆ తర్వాత బండి ఇంటి వద్ద కదలకుండా నిలబడి ఉండే నెలల్లో బయటపడుతుంది.

ఈ ఎంపికను తేల్చే ప్రశ్న ఒక్కటేనని నా నమ్మకం: మీరు ఒక చోట ఎన్ని రాత్రులు ఉంటారు? ఒక కాగితం తీసుకుని, మీరు నిజంగా చేయబోయే యాత్రను రోజువారీగా రాయండి. ఏ రాత్రి ఎక్కడ బస, మరునాడు పగలు ఎక్కడికి వెళ్లి రావాలి అన్నది కూడా అందులో ఉండాలి. ఒకటి రెండు రాత్రులకొకసారి మజిలీ మారుతూ ఉంటే మోటర్‌హోమ్ వైపు మొగ్గండి. వారం పది రోజులు ఒకే చోట దిగి, చుట్టుపక్కల కోటలు, సరస్సులు, కొండదారులు చూసుకుని సాయంత్రానికి తిరిగి వచ్చే పద్ధతి మీదైతే క్యారవాన్ మేలు. కలల యాత్రను కాకుండా, మీకు దొరికే సెలవులతో ఏటా చేయగలిగే యాత్రను రాసుకుంటేనే ఈ లెక్క పనికొస్తుంది.

మజిలీ చేరిన తర్వాత జరిగే పనిని దగ్గరగా చూస్తే ఈ సూత్రం ఎందుకు నిలుస్తుందో అర్థమవుతుంది. క్యారవాన్‌ను కేటాయించిన స్థలంలోకి వెనక్కి నడిపించి, కారుకు తగిలించి ఉండగానే ఎడమ కుడి వైపుల మట్టం చూసి, పల్లంగా ఉన్న వైపు చక్రం కింద ర్యాంపు పెట్టి ఎక్కించాలి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ వేసి, కరెంటు ప్లగ్గునూ, బండి విడిపోతే బ్రేకు పడేలా చేసే భద్రతా తీగనూ తీసి, ముందున్న జాకీ చక్రాన్ని తిప్పుతూ క్యారవాన్ ముందు కొసన ఉండే కొక్కెం లాంటి హిచ్‌ను కారు వెనుక గుండు లాంటి టో బాల్ మీది నుంచి పైకి లేపి, కారును ముందుకు తీయాలి. ఆ జాకీ చక్రంతోనే ముందు వెనుకల మట్టం సరిచేసి, నాలుగు మూలల కాళ్లు నేలకు ఆనేంత వరకే దించాలి. ఆ కాళ్లు బండిని నిలకడగా ఉంచడానికే తప్ప పైకి ఎత్తడానికి పనికిరావు. నీళ్ల డ్రమ్ము, వాడిన నీళ్ల డబ్బా, కరెంటు కేబులు పెట్టేసరికి చేయి తిరిగిన వారికి కూడా అరగంట పడుతుంది. వారానికి ఒకసారి అయితే ఇది శ్రమే కాదు. రోజూ చేయాల్సి వస్తే, అందులోనూ వానలో, ఓపిక హరించుకుపోతుంది.

మోటర్‌హోమ్ వచ్చి ఆగిందంటే బస కుదిరినట్టే. అవసరమైతే రెండు ర్యాంపుల మీదికి ఎక్కించి, కరెంటు తగిలించుకుంటే చాలు. అయితే దాని ఇబ్బంది మరునాడు పొద్దున మొదలవుతుంది. దగ్గర్లోని అంగడికి వెళ్లాలన్నా కేబులు చుట్టాలి, పైకప్పు గవాక్షాలు మూయాలి, గిన్నెలు సర్దాలి, అలమరల తలుపులకు గొళ్లాలు వేయాలి, ఆ తర్వాత ఇల్లంతా కదలాలి. ఇరుకు వీధులున్న పాత పట్టణంలో ఆ ఇంటిని ఎక్కడ నిలపాలన్నది ఇంకో సమస్య. వెనుక సైకిళ్లు తగిలించుకుంటేనో, బస్సు, రైలు సౌకర్యం ఉన్న మజిలీలనే ఎంచుకుంటేనో ఇది చాలావరకు తీరుతుంది. క్యారవాన్ ఉన్నవారికి విడిగా కారు చేతిలో ఉంటుంది, ఇల్లు కదలదు.

రాత్రి బసల లభ్యతనూ లెక్కలోకి తీసుకోండి. ఫ్రాన్స్‌లో ఎయిర్‌లు, జర్మనీలో స్టెల్‌ప్లాట్జ్‌లు అని పిలిచే సాదా మజిలీలు మోటర్‌హోమ్‌ల కోసమే ఏర్పడినవి. నీళ్లు నింపుకుని, మురుగు ఖాళీ చేసుకుని, ఒకటి రెండు రాత్రులు ఉండి వెళ్లిపోవచ్చు. కారు నుంచి విడదీసి, గుడారం వేసుకుని కూర్చునే క్యారవాన్‌లను అక్కడ సాధారణంగా ఒప్పుకోరు. అలాంటి దారుల్లో తిరగాలనుకునే వారికి మోటర్‌హోమ్ ఇచ్చే స్వేచ్ఛ చిన్నది కాదు.

బరువుల లెక్క

కొనుగోలుదారులు అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టేదీ, అన్నిటికంటే ఎక్కువ పెట్టాల్సిందీ బరువుల మీదనే. ప్రతి బండికీ తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు ఒకటి, బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో బరువు మరొకటి ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాయే మీరు ఎక్కించగలిగిన సామాను. పడకలు ఎన్ని ఉన్నాయని అడిగే ముందు ఈ తేడా ఎంతని అడగండి.

చాలా మోటర్‌హోమ్‌ల గరిష్ఠ బరువు 3,500 కిలోల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అనేక దేశాల్లో మామూలు కారు లైసెన్సు అంతవరకే చెల్లుతూ వచ్చింది. సిద్ధంగా ఉన్న బరువు 3,050 కిలోలు అనుకుంటే మిగిలేది 450. యూరప్ లెక్క ప్రకారం డ్రైవరు బరువు 75 కిలోలు అందులో ముందే కలిసి ఉంటుంది. మిగతా ముగ్గురికి 225 కిలోలు, 100 లీటర్ల నీళ్లకు 100, రెండు సైకిళ్లకు, వాటి స్టాండుకు 50, పక్కన సాగదీసే నీడపందిరికి 30 వేసుకుంటే 405 అయిపోయాయి. నలుగురి బట్టలు, పడక దుప్పట్లు, కుర్చీలు, గిన్నెలు, సరుకులు అన్నీ 45 కిలోల్లో ఇమడాలి. ఇమడవు. నీళ్లను మజిలీ చేరాక నింపుకోవడం ఒక ఉపాయం. ముందే ఎక్కువ మోయగల బండిని ఎంచుకోవడం అంతకంటే మంచి ఉపాయం.

మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా ఒక్కో ఇరుసు మీద పడే బరువు దాటిపోవచ్చు. వెనుక చక్రాల నుంచి పొడవుగా బయటికి సాగిన బండ్లలో ఇది తరచుగా జరుగుతుంది. ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లున్న బండిలో, వెనుక ఇరుసుకు 2 మీటర్ల అవతల 60 కిలోల సైకిళ్లు తగిలిస్తే వెనుక ఇరుసు మీద పెరిగేది 60 కాదు, 90 కిలోలు. ముందు ఇరుసు మీద 30 తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే బండి అయితే తడి గడ్డి మీద, ఎత్తుల మీద ఆ తగ్గిన బరువు వెంటనే తెలుస్తుంది, చక్రాలు పట్టు దొరక్క తిరుగుతాయి.

క్యారవాన్ విషయంలో లెక్క కారుతో మొదలవుతుంది. నిండుగా సర్దిన క్యారవాన్ బరువు, కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోవాలని కొత్తవారికి చాలాకాలంగా ఇస్తూ వస్తున్న సలహా నేటికీ పాటించదగినదే. కారు 1,600 కిలోలుంటే క్యారవాన్ 1,360 లోపు ఉండాలన్నమాట. ఇది కాక, ఆ కారు ఎంత లాగవచ్చునని తయారీదారు చెప్పిన పరిమితి వేరే ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువైతే దానికే కట్టుబడాలి. విద్యుత్ కార్లలో కొన్నింటికి లాగడానికి అనుమతే లేదు. అనుమతి ఉన్నవాటిలో కూడా ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం సగానికి దగ్గరగా పడిపోవచ్చు కాబట్టి మజిలీల మధ్య దూరాన్ని దానికి తగ్గట్టు కుదించుకోవాలి.

హిచ్ నుంచి టో బాల్ మీద పడే ముక్కు బరువు మరీ ముఖ్యం. యూరప్ క్యారవాన్‌లకు అది సర్దిన బరువులో 5 నుంచి 7 శాతం, అమెరికా తరహా ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం ఉండాలని చెబుతారు. 1,300 కిలోల క్యారవాన్‌కు 65 నుంచి 91 కిలోలు అవుతుంది. కారుకూ, టో బాల్‌ను మోసే టో బార్‌కూ, హిచ్‌కూ విడివిడిగా ఉన్న పరిమితుల్లో అన్నిటికంటే తక్కువ దాన్ని అది దాటరాదు. కొలవడానికి చిన్న పరికరం దొరుకుతుంది. లేకపోతే బలమైన తూకం యంత్రం మీద కర్ర ముక్క నిలబెట్టి, దాని మీద హిచ్‌ను ఆనించి చూడవచ్చు. ముక్కు తేలికై, వెనుక భాగం బరువైతే క్యారవాన్ రోడ్డు మీద పాములా ఊగడం మొదలుపెడుతుంది. అందుకే బరువైన సామాను ఇరుసుకు దగ్గరగా, నేల మీదనే ఉంచాలి. పై అలమరల్లో బట్టలు తప్ప మరేమీ పెట్టకపోవడం క్షేమం. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగుతో సరిచేయబోకూడదు. స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు మెల్లగా తీయాలి.

రోడ్డు మీద

మోటర్‌హోమ్ నడపడం పెద్ద వ్యాను నడిపినట్టే ఉంటుంది. కొద్ది గంటల్లో అలవాటవుతుంది, కానీ ఎత్తును మరచిపోకూడదు. యాంటెనా, పైకప్పు పెట్టెతో సహా కొలిచి, ఆ అంకెను డ్రైవరు కళ్లెదుట అతికించండి. వ్యాను చట్రం మీద ఇంటి భాగాన్ని విడిగా కట్టిన కోచ్‌బిల్ట్ మోటర్‌హోమ్‌లు చాలావరకు 3 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి, సుమారు 2 మీటర్ల దగ్గర అడ్డుకడ్డీ ఉన్న పార్కింగుల్లోకి అవి వెళ్లలేవు. క్యారవాన్‌కు ముందుకు నడపడం కంటే వెనక్కి నడపడం కష్టం, ఎందుకంటే స్టీరింగును ఒక వైపు తిప్పితే ట్రైలర్ వెనుక భాగం రెండో వైపుకు పోతుంది. ఖాళీ మైదానంలో ఒక పూట శిక్షకుడి సాయంతో సాధన చేస్తే ఇది కూడా వశమవుతుంది. దీనికి భయపడి క్యారవాన్‌ను వదులుకోనక్కరలేదు.

వేగ పరిమితులు, లైసెన్సు నియమాలు దేశదేశానికీ మారతాయి. బ్రిటన్ మోటర్‌వేల మీద కార్లకు గంటకు 70 మైళ్లు, క్యారవాన్ లాగుతున్న కారుకు 60 మైళ్లు. జర్మనీలో ట్రైలర్ ఉన్న కారుకు 80 కిలోమీటర్లు, నిబంధనలకు లోబడి అనుమతి పొందితే 100. బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రైలర్‌ను లాగవచ్చు. అనేక ఇతర దేశాల్లో బరువు పెరిగితే అదనపు శిక్షణ, పరీక్ష తప్పవు. కొనడానికి ముందే మీ లైసెన్సును, వెళ్లబోయే దేశాల తాజా నియమాలను చూసుకోండి.

ప్రయాణంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది పిల్లలున్న కుటుంబాలకు కీలకం. నడుస్తున్న క్యారవాన్‌లో ఎవరూ ఉండకూడదు, అందరూ కారులోనే. మోటర్‌హోమ్‌లో ఆరు పడకలున్నంత మాత్రాన ఆరుగురు ప్రయాణించవచ్చని కాదు. సీటుబెల్టు ఉన్న సీట్లు నాలుగే ఉండవచ్చు. పక్కకు తిరిగి ఉన్న సోఫాల మీద పిల్లలను కూర్చోబెట్టి బయలుదేరడం ప్రాణాలతో చెలగాటం. బెల్టులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, పిల్లల సీట్లు వాటికి సరిగా బిగుస్తాయో లేదో బిగించి చూడండి.

ఖర్చు, నిర్వహణ

ఒకే స్థాయి సౌకర్యానికి మోటర్‌హోమ్ ధర క్యారవాన్ కంటే బాగా ఎక్కువ, ఎందుకంటే మీరు వాహనాన్ని కూడా కొంటున్నారు. బీమా, ఇంజిను సర్వీసు, పన్ను అదనం. కానీ మీ దగ్గర ఉన్నది చిన్న కారైతే, క్యారవాన్ లాగడానికి మార్చాల్సిన పెద్ద కారు ధరనూ, ఏడాది పొడవునా దాని ఇంధనాన్నీ క్యారవాన్ ఖాతాలోనే రాయాలి. ఈ లెక్క వేయకుండా క్యారవాన్ చవక అనడం సరికాదు. ఏడాదిలో రెండు మూడు వారాలే తిరిగే వారికి అద్దె మోటర్‌హోమ్ చాలా సందర్భాల్లో సొంత బండి కంటే తెలివైన పని.

వాడిన బండి కొనేటప్పుడు కిలోమీటర్ల కంటే తేమను చూడండి. తలుపు తెరవగానే ముక్కిన వాసన వస్తుందేమో గమనించి, కిటికీల కింది మూలల్లో, పైకప్పు గవాక్షం చుట్టూ, ముందు అలమరల లోపల బొటనవేలితో గట్టిగా నొక్కండి. గోడ మెత్తగా లోపలికి పోతే లోపలి చెక్క కుళ్లిందని అర్థం. తేమమాపకం 15 శాతం లోపు చూపితే బాగున్నట్టు, 20 దాటితే నిపుణుడికి చూపించాల్సినట్టు. టైర్లకు అరుగుదల కంటే వయసు ముఖ్యం. పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. కదలకుండా నిలబడిన టైరు గాడులు కొత్తగా కనిపిస్తున్నా అయిదు నుంచి ఏడేళ్లకు మార్చేయాలి. మోటర్‌హోమ్ అయితే టైమింగ్ బెల్టు కూడా కిలోమీటర్లతో సంబంధం లేకుండా ఏళ్ల లెక్కన మార్చాల్సినదే. అతి తక్కువ తిరిగిన పాత బండిలో దాన్ని ఎవరూ ముట్టుకోకపోయి ఉండవచ్చు.

నిర్ణయానికి ముందు రెండింటినీ అద్దెకు తీసుకుని, మీరు కాగితం మీద రాసుకున్న యాత్రలో ఒక భాగాన్నయినా చేసి చూడండి. ఎండాకాలపు సాయంత్రాల్లో ప్రతి బండీ హాయిగానే ఉంటుంది. వాన పడుతుండగా కుటుంబమంతా లోపల ఉండి, ఒకరు వంట చేస్తూ మరొకరు పడక సర్దుకోవడానికి చోటు సరిపోతుందో లేదో తెలియాలి. కొన్న తర్వాత, మొదటి యాత్రకు సామానంతా సర్దుకుని, వెళ్లేవారందరూ ఎక్కి, నేరుగా వాహనాలను తూచే వేబ్రిడ్జికి వెళ్లండి. మోటర్‌హోమ్ అయితే ఇరుసు ఇరుసుగా, క్యారవాన్ అయితే కారును విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి తూకం వేయించండి. ఎక్కడ పరిమితి దాటినా సామాను దించిన తర్వాతే బయలుదేరండి.