మంచి పాఠం పక్క గదికి చేరాలంటే: విశ్వవిద్యాలయ విభాగంలో బోధనానుభవాన్ని పంచుకొనే తీరు

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం రాబోతున్నదంటే ప్రతి విశ్వవిద్యాలయంలోనూ 'ఉత్తమ ఆచరణలు' రాసే పని ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. స్వీయ అధ్యయన నివేదికలోని 7వ ప్రమాణం కింద రెండు ఆచరణలను ఒక నిర్ణీత నమూనాలో వివరించాలి. శీర్షిక, లక్ష్యాలు, నేపథ్యం, ఆచరణ, ఫలించిందనడానికి ఆధారాలు, ఆ తర్వాత ఎదురైన సమస్యలు, కావలసిన వనరులు అన్నవి అందులోని గడులు. నేను చూసిన నివేదికల్లో చాలావాటిలో సమస్యల గడి ఒకటి రెండు మొక్కుబడి వాక్యాలతో ముగిసిపోయింది. నిజానికి పక్క గదిలో పాఠం చెప్పే సహోద్యోగికి పనికివచ్చేది ఆ గడే. భౌతికశాస్త్ర విభాగంలో కొన్నేళ్లుగా పాఠం ఎక్కడ కుదిరిందో, ఎక్కడ చెడిందో ఒకరితో ఒకరం పంచుకొనే ప్రయత్నం చేస్తున్న అనుభవంతో, ఏ విభాగమైనా ఒక సెమిస్టర్‌లో మొదలుపెట్టగల విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట నలుగురైదుగురు చాలు. సర్క్యులర్ పంపి విభాగంలోని అందరినీ కూర్చోబెడితే అది మరో స్టాఫ్ మీటింగ్ అవుతుంది. ఒకే పేపరును వేర్వేరు సెక్షన్లకు చెబుతున్నవారు కలిస్తే మాట్లాడుకోవడానికి సరుకు ఉంటుంది. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులను తప్పనిసరిగా చేర్చుకోవాలి. చాలాచోట్ల మొదటి సంవత్సరం తరగతుల భారం మోస్తున్నది వారే. అయితే ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి తన పాఠం ఎక్కడ దెబ్బతిన్నదో నలుగురి ముందు చెప్పాలంటే ఆయనకు ధైర్యం ఒక్కటే సరిపోదు, హామీ కూడా కావాలి. కాబట్టి ఈ బృందంలో రాసుకొన్న ఏ కాగితమూ పదోన్నతి ఫైలులోకి గాని, రెన్యువల్ కమిటీ ముందుకు గాని వెళ్లదని విభాగాధిపతి నుంచి ముందుగానే లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఈ జాగ్రత్త తీసుకోనందువల్లనే మా మొదటి ప్రయత్నం రెండు నెలల్లో ఆగిపోయింది. తరగతి పరిశీలన నోట్సు ఒకటి ఎలాగో ఆఫీసు ఫైలులోకి చేరింది. ఆ మర్నాటి నుంచి తన తరగతికి రమ్మని పిలిచినవారు లేరు.

చర్చను పద్ధతులతో మొదలుపెట్టకూడదు. ప్రాజెక్టులు ఇద్దామా, వీడియోలు చూపిద్దామా అన్న చర్చ ఎన్ని సమావేశాలు జరిగినా తేలదు. దానికి బదులుగా మొదటి మిడ్ పరీక్ష జవాబుపత్రాలు ఒక ముప్పై ముందు పెట్టుకొని, గంటసేపు చదివి, ఎక్కువమంది ఒకే తీరుగా తప్పుచేసిన చోటు ఏదో వెతకాలి. మాకు అది నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి దగ్గర దొరికింది. రాయి గరిష్ఠ ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత అని అడిగితే, చలన సమీకరణాలన్నీ తప్పులేకుండా రాసిన విద్యార్థులు కూడా సున్నా అని రాశారు. ఆ క్షణంలో వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నాయే అన్నది వారి తర్కం. నిజానికి గురుత్వాకర్షణ వల్ల కలిగే త్వరణం ఆ క్షణంలోనూ అలాగే ఉంటుంది. నిర్వచనాన్ని బోర్డు మీద మరోసారి రాసినంత మాత్రాన ఈ తర్కం వదలదు, ఎందుకంటే నిర్వచనం వారికి కంఠస్థమే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇటువంటి చిక్కుల కోసమే పుట్టింది. ఒక బహుళైచ్ఛిక ప్రశ్న వేసి, ఎవరికి వారు ఆలోచించుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇచ్చి, జవాబు చూపించమంటారు. సరైన జవాబు చూపినవారు 30 శాతం కంటే తక్కువైతే పాఠాన్ని మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు సాగాలి. ఈ రెంటికీ మధ్యలో ఉంటే, వేరే జవాబు చూపిన పక్కవారిని ఒప్పించమని చెప్పి, రెండు మూడు నిమిషాల తర్వాత మళ్లీ జవాబు అడగాలి. బటన్ నొక్కి జవాబు పంపే ఎలక్ట్రానిక్ క్లిక్కర్లు మాకు లేవు. ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు రంగుల చార్టు ముక్కలతో పని జరిగిపోయింది.

నలభైమంది ఉన్న నా సెక్షన్‌లో బాగా సాగిన ఈ పద్ధతి, మధ్యాహ్నం తొంభైమందికి పాఠం చెప్పే సహోద్యోగి దగ్గర మొదటిరోజే దెబ్బతిన్నది. ముందు బెంచీలో కూర్చునే టాపర్ ఏ రంగు ఎత్తితే వెనకవారంతా అదే రంగు ఎత్తారు. ఆయన వారం తిరగకుండానే ఒక మార్పు కనిపెట్టారు: అందరూ కళ్లు మూసుకొని, మూడు అంకెలు లెక్కపెట్టగానే కార్డును గుండెకు ఆనించి చూపాలి. ఆ మార్పును నేను తిరిగి నా తరగతిలోకి తెచ్చుకొన్నాను. నాలుగు వారాల తర్వాత మరొకరు ఇంకో సంగతి గమనించారు: ప్రశ్న ఆంగ్లంలో ఉన్నప్పటికీ పక్కవారితో వాదన తెలుగులో సాగనిస్తే గొంతులు లేస్తున్నాయి, ఆంగ్లంలోనే మాట్లాడాలంటే తరగతి మూగబోతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువును ఆంగ్ల మాధ్యమంలోకి మార్చినందువల్ల ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవారికి ఈ తేడా మరీ ఎక్కువ. అందుకని వాదన తెలుగులో, తుది జవాబు ఆంగ్లంలో రెండు వాక్యాలు అని నియమం పెట్టుకొన్నాము.

ఒకరి తరగతికి మరొకరు వెళ్లి కూర్చోవడం ఈ పనిలో అతి సున్నితమైన భాగం. వెళ్లేముందు పది నిమిషాలు మాట్లాడుకొని, దేన్ని గమనించాలో పాఠం చెప్పేవారే నిర్ణయించాలి. వెనక బెంచీలో కూర్చున్నవారు కళ్లకు కనిపించింది మాత్రమే సమయంతో సహా రాయాలి. "విద్యార్థులను భాగస్వాములను చేయడం లేదు" అన్నది తీర్పు; "10.12కు ప్రశ్న వేశారు, ఎవరూ చేయి ఎత్తకముందే జవాబు మీరే చెప్పారు" అన్నది పరిశీలన. ఈ రెండో వాక్యం చదివినప్పుడు నాకు కొంచెం చురుక్కుమన్న మాట నిజమే గాని, దాని మీద వాదించడానికి ఏమీ లేదు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగానూ ఆలోచనతోనూ వస్తాయనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో అమెరికా పాఠశాలల్లో చేసిన పరిశోధనల్లో తేలింది. డిగ్రీ తరగతిలో మూడు సెకన్ల మౌనం ఎంత పొడవో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. చూసివచ్చిన రోజే మాట్లాడుకోవాలి, మొదట పాఠం చెప్పినవారే మాట్లాడాలి.

ఇదంతా ఒక పేజీలో రాసి ఉంచాలి. పేపరు, సెక్షన్‌లో ఎందరు, ఎన్ని నిమిషాలు పట్టింది, వేసిన ప్రశ్న యథాతథంగా, ఎక్కడ చెడింది, తర్వాతివారు ఏం మార్చారు, ఆ మార్పు ఎవరిది అన్నవి చాలు. వాట్సాప్ గ్రూపులో పెట్టింది శుభాకాంక్షల కింద రెండు రోజుల్లో మునిగిపోతుంది కాబట్టి అందరికీ అందుబాటులో ఉండే డ్రైవ్ ఫోల్డరు వాడాలి. రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లివచ్చినవారిని కూడా సర్టిఫికెట్ కాకుండా, అక్కడ విన్నదానితో మార్చిన ఒక పాఠం గురించి ఇటువంటి పేజీ అడగవచ్చు.

ఫలితాన్ని కొలిచేటప్పుడు విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారాలను మాత్రమే నమ్ముకోరాదు. 2019లో వెలువడిన ఒక హార్వర్డ్ అధ్యయనంలో, చర్చలతో సాగిన భౌతికశాస్త్ర తరగతుల విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకొన్నట్లు తేలినా, తాము తక్కువ నేర్చుకొన్నామనే భావించారు. అనర్గళంగా సాగే ఉపన్యాసం అంతా అర్థమైనట్లు అనిపింపజేస్తుంది. కాబట్టి ఈ సంగతిని సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులతో చెప్పి, రాయి ప్రశ్నలాంటిదే మరొకటి రెండో మిడ్‌లో ఇచ్చి, పాత జవాబుపత్రాలతో పోల్చి చూడాలి. ఒక్క సెమిస్టర్‌లో తేడా కనిపించినంత మాత్రాన దాన్ని పద్ధతి గొప్పతనంగా రాసుకోవడం తొందరపాటే. ఆ ఏడాది పేపరు సులువై ఉండవచ్చు, బ్యాచ్ మంచిదై ఉండవచ్చు.

సెమిస్టర్ చివరి సమావేశంలో ఫోల్డరులోని పేజీలను ఒక్కొక్కటిగా తెరిచి, రాసినవారు కాక ఇంకెవరైనా వాడారా అని అడగాలి. ఎవరూ వాడని పేజీని తొలగించనక్కరలేదు; ఎందుకు వాడలేదో అడిగి, ఆ కారణాన్ని పేజీ పైభాగంలోనే ఒక్క వాక్యంలో రాసి ఉంచితే, వచ్చే జూన్‌లో కొత్తగా చేరే అధ్యాపకులు ముందుగా చదివేది దాన్నే.