తెషిమా దీవిలో గుండె చప్పుళ్లు వినాలంటే

జపాన్‌లోని తెషిమా దీవిలో జనం గుండె చప్పుళ్ల రికార్డింగులు దాచిన చిన్న మ్యూజియం ఒకటుంది. మాలాగా ఒసాకాలో ఉండేవాళ్లు అక్కడికి పోవాలంటే బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో ఒకయామా వెళ్లి, లోకల్ రైల్లో ఊనో చేరి పడవ ఎక్కాలి. దీవిలోని కరాతో రేవు దాకా వెళ్లే పడవైతే మంచిది, అక్కణ్నుంచి నడిచే పోవచ్చు. దీవిలో ఇంకో రేవు ఇయెఉరాలో దిగితే బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి. దారంతా ఎత్తులే, మామూలు సైకిలైతే మోకాళ్లు పోతాయి. మ్యూజియం సెలవు రోజులు మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోండి.

ఫ్రెంచ్ కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ 2008 నుంచి దేశదేశాల జనం గుండె చప్పుళ్లు రికార్డు చేయించి, 2010లో ఇక్కడ భద్రపరిచాడు. 2021లో ఆయన పోయాడు.

చీకటి గదిలో ఒక్కటే బల్బు. ఎవరిదో గుండె కొట్టుకున్నప్పుడల్లా వెలిగి ఆరుతుంది. కళ్లు అలవాటు పడేదాకా గుమ్మం దగ్గరే నిలబడండి. శబ్దం చాలా గట్టిగా ఉంటుంది, ఒక్కో గుండెది ఒక్కో లయ. ఒకటి తడబడి ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంటే, మా ఆవిడ టెన్షన్ తట్టుకోలేక బయటికెళ్లిపోయింది. చిన్నపిల్లలతో వెళ్తే జాగ్రత్త.

పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పేరుతో వెతికి వినొచ్చు. మీ చప్పుడూ ఇవ్వాలంటే విడిగా డబ్బు కట్టాలి. నా మటుకు ఆ ఖర్చు దండగ కాదు. కాకపోతే ఎక్కొచ్చిన రొప్పు తగ్గాకే రికార్డు చేయించుకోండి. తిరుగు పడవ టైము మాత్రం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పడవలు తక్కువ.