పిక్కలు గట్టిగానే ఉన్నా జంప్ పెరగట్లేదా? మడమ పైన చూసుకోండి

సమస్య: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆయాసం తగ్గింది, పిక్కలు గట్టిపడ్డాయి. అయినా లాంగ్ జంప్ ముందుకు జరగదు. 1600 మీటర్లలో చివరి రౌండ్‌కి కాళ్లు బరువెక్కుతాయి. పొద్దున మంచం దిగగానే మడమ పైన పట్టేసినట్టుంటుంది.

ఇది చెప్తే చాలు, షూ మార్చమనేవాళ్లూ స్ప్రే కొట్టమనేవాళ్లూ నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం నిండా ఉన్నారు. డబ్బులు తగలేసే ముందు గోడకి చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించండి. ఒక్కో కాలితో ఎన్నిసార్లు వస్తోంది? రెండిటికీ బాగా తేడా ఉన్నా, మడమ పైన నొప్పి పుట్టినా అనుమానించాల్సింది కండని మాత్రమే కాదు, దాన్ని మడమ ఎముకకి కలిపే అకిలిస్ టెండన్‌ని కూడా. రెండు నిమిషాల పని, ఎవరూ చెయ్యరు.

కారణం: ఇసుక కావచ్చు. మైపాడులోనో కొత్తపట్నంలోనో బీచ్‌లో పరిగెత్తితే బలం వస్తుందని ఎవరో చెప్పుంటారు. గట్టి నేల మీద పాదం ఆనినప్పుడు టెండన్ సాగి శక్తిని దాచుకుంటుంది, పాదం లేచేటప్పుడు తిరిగిస్తుంది. పిక్క కండకి చాలా శ్రమ అక్కడే తప్పుతుంది. పొడి ఇసుకలో ఆ శక్తి ఇసుకని నెట్టడానికే పోతుంది. అందుకే ఒంటికి శక్తి ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా మడమ కూరుకుపోయి టెండన్ మరీ సాగుతుంది. కండ వారాల్లో గట్టిపడుతుంది, టెండన్‌కి నెలలు పడుతుంది. కండ ఓపికని చూసి దూరం పెంచుకుంటూ పోతే దెబ్బ తినేది టెండనే.

అసలు మోసం ఇంకోటుంది. ఒళ్లు వేడెక్కాక నొప్పి మాయమవుతుంది. "పరిగెత్తితే తగ్గిపోతోందన్నా" అంటారు. తగ్గలేదు తమ్ముడూ, మర్నాడు పొద్దున మొదటి నాలుగడుగులు వేసి చెప్పు.

పరిష్కారం: ఇసుక మానండి, జంప్‌లు తగ్గించండి. అలాగని పూర్తిగా పడుకోవద్దు, పని లేకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. మెట్టు అంచున రెండు కాళ్లతో లేచి, నొప్పి కాలి మీదే నెమ్మదిగా మడమ దించండి. మోకాలు నిటారుగా 15 చొప్పున 3 సెట్లు, కొంచెం వంచి ఇంకో 3 సెట్లు. రోజూ రెండు పూటలా, 12 వారాలు. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ బృందం చూపించిన పద్ధతి ఇది. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మెట్టు వద్దు, నేల మీదే చెయ్యండి.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు వాడాక ఈ నొప్పి మొదలైతే పరుగు ఆపి డాక్టర్‌కి చెప్పండి. అరుదే. టప్పుమని శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం వ్యాయామాల జోలికి పోకుండా ఆ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.