బోరు మోటారు ట్రిప్పు: బాణాలు తిప్పితే లెక్క కుదిరింది

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో బోరు స్టార్టరు ట్రిప్ అయితే అనుమానం రెండింటి మీదే: లో ఓల్టేజీ, లేదంటే నీళ్లు అడుక్కి పోవడం. ఏదో తేల్చడానికి పీజీఎంపీవై (pgmpy) అనే పైథాన్ లైబ్రరీలో కట్టిన బేసియన్ నెట్‌వర్క్ (ఏది దేనిమీద ఆధారపడుతుందో బాణాలతో చూపి సంభావ్యతలు లెక్కగట్టే నమూనా) ఒకచోట మొండికేసింది. ట్రిప్ అయిందని చెప్పాక, ఓల్టేజీ తక్కువని చేర్చినా ‘నీళ్లు లేవు’ సంభావ్యత కదల్లేదు.

బాణాలు ట్రిప్ నుంచి కారణాల వైపు ఉన్నాయి. అలా గీస్తే, ట్రిప్ సంగతి తెలిశాక ఆ రెండు కారణాలకూ సంబంధం తెగిపోతుంది. వాటిని తిప్పి కారణాల నుంచి ట్రిప్‌కు గీశాను. నీళ్లు లేకపోవడానికి 0.3, లో ఓల్టేజీకి 0.4 ఇచ్చాను. ట్రిప్ అయ్యే అవకాశం రెండూ ఉంటే 0.95, నీళ్లు మాత్రమే లేకుంటే 0.8, ఓల్టేజీ ఒక్కటే తగ్గితే 0.7, ఏదీ కాకుంటే 0.05. ఇప్పుడు ట్రిప్ అనగానే ‘నీళ్లు లేవు’ 0.54కు ఎక్కింది, లో ఓల్టేజీ అని చేర్చగానే 0.37కు దిగింది.

అసలు తలనొప్పి ఈ ట్రిప్ సంభావ్యతల టేబుల్ నింపడం. ఎవిడెన్స్ లిస్టులో, అంటే కారణాల జాబితాలో, చివరున్న వేరియబుల్ నిలువు వరసల్లో అన్నిటికంటే త్వరగా మారుతుంది. వరస తప్పినా ఎర్రర్ రాదు. ప్రతి నిలువు వరస మొత్తం 1 అయితే లైబ్రరీకి చాలు, జవాబు మాత్రం తప్పొస్తుంది.

లాగ్‌బుక్ లెక్కలో 6 సార్లకు 0 ట్రిప్‌లు వచ్చిన గడిలో సున్నా పెట్టొద్దు. అవునుకు ఒకటి, కాదుకు ఒకటి కలిపి 1/8 వెయ్యండి. సున్నా పడితే ఎన్ని ఆధారాలిచ్చినా ఆ అంకె లేవదు.